వుడ్సన్ తర్వాత ఎవరు? ఇండియానా బాస్కెట్‌బాల్‌లో లోపం రిక్రూటింగ్‌దా, కోచింగ్‌దా?

హూజియర్_హరి | 7 ఫిబ్రవరి 2025

మొత్తానికి ఖరారైంది. ఈ సీజన్ అయిపోగానే మన ఇండియానా యూనివర్సిటీ జట్టు కోచ్ మైక్ వుడ్సన్ తప్పుకుంటున్నారు. నిజానికి జనవరి 14న ఇలినాయ్ వాళ్లు మన ఇంటికొచ్చి 94-69తో ఉతికి ఆరేసిన రోజే ఈ కథ ముగిసింది. దానికి మూడు రోజుల ముందు ఐయోవాలో 85-60. వరుసగా రెండు మ్యాచ్‌లు, రెండూ సరిగ్గా 25 పాయింట్ల తేడా. ఇలినాయ్ మ్యాచ్‌లో "ఫైర్ వుడ్సన్" అని సొంత జనమే అరిచారు.

సీజన్ మొదట్లో మనది దేశంలో 17వ ర్యాంకు. అరిజోనా నుంచి ఊమర్ బల్లో, వాషింగ్టన్ స్టేట్ నుంచి మైల్స్ రైస్, స్టాన్‌ఫర్డ్ నుంచి కనాన్ కార్లైల్, ఇలినాయ్ నుంచి లూక్ గూడ్. ట్రాన్స్‌ఫర్ పోర్టల్లో (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల జాబితా) పేరున్నవాళ్లను ఏరి తెచ్చుకున్నాం. నవంబర్‌లో బహామాస్ వెళ్లి లూయివిల్ చేతిలో 89-61, మర్నాడు గొంజాగా చేతిలో 89-73. అక్కడే ప్రాణం ఉసూరుమంది.

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టండి. ఇది రిక్రూటింగ్ వైఫల్యం కాదు. ఎలాంటి ఆట ఆడాలో తెలియనప్పుడు ఎవరిని తెచ్చుకోవాలో కూడా తెలియదు. పేర్లు తెచ్చుకున్నాం, జట్టును తెచ్చుకోలేదు.

జోన్_డిఫెన్స్ | 7 ఫిబ్రవరి 2025

హరి గారూ, మీరన్నది లెక్కల్లో కూడా కనిపిస్తుంది. పోయిన సీజన్ చూడండి. మూడు పాయింట్ల షాట్లు అసలు ప్రయత్నించడంలోనే మనం దేశంలో అట్టడుగు వరుసలో ఉన్నాం. వేస్తే పడకపోవడం ఒక ఎత్తు, వేయకపోవడం ఇంకో ఎత్తు. ఈ కాలంలో బయటి నుంచి షాట్ కొట్టని జట్టుకి షూటర్ ఎందుకొస్తాడు? హైస్కూల్ కుర్రాడు కూడా టీవీలో మ్యాచ్ చూస్తాడు కదా, తనకు బంతి వస్తుందో రాదో వాడికి తెలియదా?

పద్మ_ఫిషర్స్ | 7 ఫిబ్రవరి 2025

నా సీటు బాల్కనీలో. అసెంబ్లీ హాల్ బాల్కనీ ఎంత నిటారుగా ఉంటుందో వెళ్లినవాళ్లకు తెలుసు. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ వదలాలంటే భయం. కానీ అక్కడి నుంచి ఆట మొత్తం పైనుంచి కనిపిస్తుంది, అదొక్కటే సుఖం. ఈ ఏడాది చూసింది చెప్తాను. బల్లో బుట్ట కింద వీపు పెట్టి బంతి కోసం చెయ్యెత్తుతాడు. అవతలి పక్క మలిక్ రెనో కూడా లోపలే. వాళ్లను కాసే ఇద్దరూ లోపలే. బయటున్న మనవాళ్లు షాట్ కొట్టరన్న ధైర్యంతో, వాళ్లను కాయాల్సినవాళ్లు కూడా రెండడుగులు లోపలికి జరుగుతారు. బంతి అందేసరికి పెయింట్‌లో, అంటే బుట్ట ముందు రంగు వేసిన చోట, ఏడుగురు. బల్లో తిరగడానికి చోటేదీ? బంతి మళ్లీ బయటికి, షాట్ క్లాక్‌లో మిగిలింది ఆరు సెకన్లు, చివరికి ఎవడో తప్పనిసరిగా వేసే షాట్. పోయినేడు కెలెల్ వేర్, రెనో కలిసి ఆడినప్పుడూ ఇదే బొమ్మ.

వేర్ సంగతే చూడండి. ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మయామీ హీట్ అతన్ని 15వ పిక్‌గా తీసుకుంది. అంతటివాడు మధ్యలో ఉండి కూడా మనం 19 గెలుపులు, 14 ఓటములతో ఎన్‌సీఏఏ టోర్నమెంట్ (కాలేజీల జాతీయ పోటీ) బయట కూర్చున్నాం. ఇంకా రిక్రూటింగే లోపం అంటే ఎలా నమ్మాలి?

బ్లూమింగ్టన్_బాబాయి | 8 ఫిబ్రవరి 2025

అమ్మా పద్మా, ఆ ఏడుగురి లెక్క నిజమే. కానీ రిక్రూటింగ్‌ను అంత తేలిగ్గా వదిలేయకండి. లియమ్ మెక్‌నీలీ గుర్తున్నాడా? మనకు మాటిచ్చిన షూటర్. 2024 మార్చిలో వెనక్కి తీసుకుని కనెటికట్ వెళ్లిపోయాడు. డెరిక్ క్వీన్ కోసం ఎంత తిరిగారు? మేరీలాండ్ వెళ్లాడు. పోయిన నెల 26న అదే మేరీలాండ్ బ్లూమింగ్టన్ వచ్చి 79-78తో గెలిచి పోయింది.

ఇంకో సంగతి. ఈ రాష్ట్రంలో ప్రతి ఊళ్లోనూ పశువుల కొట్టానికి కూడా బుట్ట తగిలించి ఉంటుంది. అలాంటి చోట పుట్టిన పిల్లలు మన బ్లూమింగ్టన్ కాదని, పర్డ్యూ యూనివర్సిటీ ఉన్న వెస్ట్ లఫాయెట్ బస్సెక్కుతున్నారు. ట్రే కాఫ్‌మన్-రెన్ది సెల్లర్స్‌బర్గ్, ఇక్కడికి దక్షిణాన. మనవాళ్లు వెంటపడ్డారు, ఆ అబ్బాయి పర్డ్యూకి వెళ్లాడు. బ్రేడెన్ స్మిత్‌ది వెస్ట్‌ఫీల్డ్, ఫ్లెచర్ లోయర్‌ది ఫోర్ట్ వేన్. ముగ్గురూ అక్కడే.

బాయిలర్_భాస్కర్ | 8 ఫిబ్రవరి 2025

పిలిచారా బాబాయ్? 😀

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది మీ వ్యవహారం. 1940, 53, 76, 81, 87. జాతీయ చాంపియన్‌షిప్ బ్యానర్లు ఐదు, సరే. ఆఖరిది కట్టిన ఏడాది పుట్టినవాడికి ఇప్పుడు బట్టతల వస్తోంది.

మా పర్డ్యూ కోచ్ మ్యాట్ పెయింటర్ 2005 నుంచి ఒక్క చోటే ఉన్నాడు. జాక్ ఈడీ వచ్చినప్పుడు ర్యాంకుల్లో నాలుగు వందల బయట. ఎవడూ పట్టించుకోలేదు. కూర్చోబెట్టి నేర్పించారు, వరుసగా రెండేళ్లు దేశంలో ఉత్తమ ఆటగాడు అయ్యాడు, 2024లో ఫైనల్ ఆడాం. మీరు అయిదు నక్షత్రాల రేటింగ్ ఉన్న కుర్రాణ్ని తెచ్చి ఏడాది ఆడించి పంపేస్తారు. రోమియో లాంగ్‌ఫర్డ్ వచ్చిన సీజన్లో ఏం చేశారు? 19-16.

హూజియర్_హరి | 8 ఫిబ్రవరి 2025

భాస్కర్, ఫైనల్ ఆడారు, గెలవలేదు. మీ హాల్లో ఎన్‌సీఏఏ చాంపియన్‌షిప్ బ్యానర్ ఒక్కటి చూపించు, అప్పుడు నేతుల గురించి మాట్లాడదాం. 2023లో ఫెయిర్‌లీ డికిన్సన్ పేరు కూడా గుర్తుండే ఉంటుంది. ఒకటో సీడ్ మీరు, పదహారో సీడ్ వాళ్లు, అయినా వాళ్ల చేతిలో ఓడారు.

కానీ ఈడీ మాట నిజం. నేను చెప్పేదీ అదే. అక్కడ ముందు ఆట ఉంది, ఆ ఆటకు సరిపోయే పిల్లలను వెతికారు.

కొత్త_విద్యార్థి | 8 ఫిబ్రవరి 2025

అన్నా, నేను ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చాను. క్రికెట్ తప్ప ఏదీ తెలియదు. రూమ్మేట్స్ లాక్కెళ్తే ఒక మ్యాచ్‌కి వెళ్లి పిచ్చెక్కిపోయాను. ఒక డౌట్. కాలేజీ సీటు కోసం మనం కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతాం కదా, ఇక్కడ కాలేజీ కోచే పిల్లాడి ఇంటికి వెళ్తాడా? ఇచ్చిన మాట వాడు తప్పితే ఎవరూ ఏమీ అనరా?

జోన్_డిఫెన్స్ | 8 ఫిబ్రవరి 2025

తమ్ముడూ, కోచ్ ఇంటికే వెళ్తాడు. సోఫాలో కూర్చుని అమ్మానాన్నలతో మాట్లాడతాడు. అంతకంటే ముందు వేసవి టోర్నమెంట్లలో, ఒక్కో హాల్లో నాలుగైదు కోర్టులు పక్కపక్కనే ఉన్నచోట, పొద్దుట్నుంచి రాత్రి దాకా గోడవారన మడత కుర్చీలో కూర్చుని ఆ పిల్లాడికి కనిపించాలి. ఆట చూడటం ఒక్కటే కాదు, "నీకోసమే వచ్చాను" అని వాడికి తెలియాలి. నోటిమాటగా ఇచ్చిన మాటకు కట్టుబడాలనే రూలేమీ లేదు.

2021లో రెండు పెద్ద మార్పులొచ్చాయి. ఒక కాలేజీ నుంచి ఇంకోదానికి మొదటిసారి మారితే ఏడాది ఖాళీగా కూర్చోవాలనే నిబంధన పోయింది. జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకుని డబ్బు సంపాదించుకోవచ్చు. దీన్నే ఎన్ఐఎల్ అంటారు. ఇక అభిమానులు, దాతలు కలిసి నిధులు పోగేసి ఆటగాళ్లకు ఇచ్చే సంఘాలు పుట్టుకొచ్చాయి. ఈ 2024-25 సీజన్లో జట్టుకి 13 స్కాలర్‌షిప్‌లు. ప్రతి వసంతంలో ఆ 13లో సగం పైగా ఖాళీ అయిపోవచ్చు. కోచ్ మారాడంటే మొత్తం ఖాళీ.

కొత్త_విద్యార్థి | 8 ఫిబ్రవరి 2025

ఐపీఎల్ వేలం ప్రతి ఏడాదీ, అదీ రిటెన్షన్ లేకుండా అన్నమాట. అర్థమైంది అన్నా.

పద్మ_ఫిషర్స్ | 8 ఫిబ్రవరి 2025, రాత్రి

ఇప్పుడే మిషిగన్ మ్యాచ్ నుంచి ఇంటికొచ్చాను. 70-67. ఓడాం. అవతలి బెంచీ మీద ఎవరో చూశారు కదా. నాకు మాటలు రావట్లేదు.

హూజియర్_హరి | 8 ఫిబ్రవరి 2025, రాత్రి

డస్టీ మే.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నాను, ఎందుకంటే నా కడుపుమంట మొత్తం ఇక్కడే ఉంది. ఈయనది ఇదే ఇండియానా. మన పాత కోచ్ బాబీ నైట్ దగ్గర స్టూడెంట్ మేనేజర్‌గా పని చేశాడు. బంతులు ఏరడం, తువ్వాళ్లు అందించడం దగ్గర్నుంచి మొదలుపెట్టినవాడు. ఫ్లోరిడా అట్లాంటిక్ అనే జట్టును, బయట పెద్దగా ఎవరికీ తెలియనిదాన్ని, 2023లో ఫైనల్ ఫోర్‌కి, అంటే చివరి నాలుగు జట్లలోకి, తీసుకెళ్లాడు. 2024 మార్చిలో పెద్ద స్కూళ్లన్నీ వెంటపడ్డాయి. సరిగ్గా అప్పుడే మనవాళ్లు "వుడ్సన్‌తోనే కొనసాగుతాం" అన్నారు. ఆయన మిషిగన్ వెళ్లాడు. వాళ్ల అంతకుముందు సీజన్ ఎంతో తెలుసా? 8-24. ఇవాళ మన కోచ్ వీడ్కోలు వార్త వచ్చిన మర్నాడు, మన ఇంట్లోనే, మనల్ని ఓడించి వెళ్లాడు.

ఒక్క ఏడాది ముందు తీసుకోవాల్సిన నిర్ణయం. ఇది ఏ పదిహేడేళ్ల కుర్రాడి తప్పూ కాదు.

నిజాంపేట_నుంచి | 9 ఫిబ్రవరి 2025

హైదరాబాద్ తిరిగొచ్చేసినా ఈ జబ్బు వదల్లేదు. హరి భాయ్, ఒక్క మాట. వుడ్సన్‌ని ఊరికే విలన్ చేయొద్దు. ఆయన ఇండియానాపోలిస్ పిల్లాడు, నైట్ దగ్గర నాలుగేళ్లు ఆడాడు, ఎన్‌బీఏలో అట్లాంటా, న్యూయార్క్ జట్లకు కోచ్. 2021లో వచ్చిన మొదటి ఏడాదే టోర్నమెంట్‌కి తీసుకెళ్లాడు. అంతకుముందు ఆర్చీ మిల్లర్ నాలుగేళ్లలో ఒక్కసారీ తీసుకెళ్లలేదు. 2020లో కరోనా వచ్చి టోర్నమెంటే రద్దయింది, అది వేరే సంగతి. పర్డ్యూ చేతిలో వరుసగా తొమ్మిది ఓడి ఉన్నాం, 2022 జనవరిలో దాన్ని ఆపింది ఈయనే. మరుసటి ఏడాది రెండుకు రెండూ గెలిచాం. మన స్టార్ ఆటగాడు ట్రేస్ జాక్సన్-డేవిస్‌ను నాలుగో ఏడాది కూడా ఉండేలా ఒప్పించాడు. ఆ రోజుల్లో ఇక్కడ ఈ పెద్దాయనకు హారతులు పట్టినవాళ్ల పాత పోస్టులు తీయమంటారా?

హూజియర్_హరి | 9 ఫిబ్రవరి 2025

తీయండి. వాటిలో నావీ ఉంటాయి. జాక్సన్-డేవిస్ ఉన్నన్నాళ్లు లోపాలన్నీ అతని వెనక దాక్కున్నాయి. అతను వెళ్లాక బయటపడ్డాయి.

బ్లూమింగ్టన్_బాబాయి | 9 ఫిబ్రవరి 2025

నేను 90ల్లో వచ్చాను. నైట్ గారిని 2000 సెప్టెంబర్లో తీసేసిన రాత్రి ఈ ఊరు ఎలా ఉందో చూశాను. ఆయన తిరిగి ఆ హాల్లో అడుగుపెట్టడానికి 2020 ఫిబ్రవరి దాకా పట్టింది. ఈ మధ్యలో ఎన్ని రకాలు ప్రయత్నించాం! ఆయన అసిస్టెంట్‌ని పెట్టాం. మైక్ డేవిస్ 2002లో ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, తర్వాత జారింది. పేరున్న కెల్విన్ శాంప్సన్‌ను తెచ్చాం, రిక్రూట్లకు నిబంధనలు దాటి ఫోన్లు చేశారన్న గొడవలో 2008లో పోయాడు. ఆయనే ఇప్పుడు హ్యూస్టన్‌ను ఎక్కడ నిలబెట్టాడో చూడండి. ఆ శిథిలాల మీద టామ్ క్రీన్ వచ్చాడు, మొదటి ఏడాది 6-25. అయినా నిలబెట్టాడు. ఒలడిపో, జెల్లర్ ఆయన చేతిలోనే ఎదిగారు. మన లీగ్ బిగ్ టెన్ టైటిళ్లు రెండు, 2013, 2016. ఆయన్నీ పంపేశాం. 2016 తర్వాత మనం స్వీట్ సిక్స్‌టీన్ (ఎన్‌సీఏఏలో చివరి పదహారు జట్లు) మొహం చూడలేదు.

మిల్లర్‌ను పంపడానికి కోటి డాలర్ల పైన కట్టారు, దాతల డబ్బుతో. ఇవన్నీ చూశాక నాకు కోచ్ మీద కోపం రాదు. కోచ్‌ను ఎంచే గదిలో కూర్చున్నవాళ్ల మీద వస్తుంది. ఒకసారి "బయటివాడు వద్దు, మనవాడే కావాలి" అంటారు. ఇంకోసారి "మనవాడు వద్దు" అంటారు. బాస్కెట్‌బాల్ ఎలా ఆడాలనుకుంటున్నారో మాత్రం ఎవరూ అడగరు.

జోన్_డిఫెన్స్ | 9 ఫిబ్రవరి 2025

బాబాయ్, ఆ గదిలో ఉన్న మన క్రీడా విభాగం అధిపతి స్కాట్ డాల్సనే కదా ఫుట్‌బాల్‌కి కర్ట్ సిగ్నెట్టిని తెచ్చింది. జేమ్స్ మాడిసన్ నుంచి తన పిల్లలను పదమూడు మందిని వెంటబెట్టుకొచ్చి మొదటి ఏడాదే 11-2, ప్లేఆఫ్. వాళ్లలో ఎక్కువమంది నక్షత్రాల్లేనివాళ్లు. కానీ ఆయన ఏం అడుగుతాడో వాళ్లకు ముందే తెలుసు. అంటే ఎంచడం చేతకాక కాదు. బాస్కెట్‌బాల్ దగ్గరికొచ్చేసరికి పాత జ్ఞాపకాలు కళ్లకు అడ్డం పడుతున్నాయి.

బాయిలర్_భాస్కర్ | 9 ఫిబ్రవరి 2025

ఇండియానా ఫుట్‌బాల్ స్కూల్ అయిపోయిందని మీరే రాసుకుంటున్నారా! స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

నిజాంపేట_నుంచి | 12 ఫిబ్రవరి 2025

పొద్దున్నే ఆఫీసుకు తయారవుతూ చూశా. ఈస్ట్ లాన్సింగ్‌లో మిషిగన్ స్టేట్ మీద 71-67!! వాళ్ల కోచ్ టామ్ ఇజో మొన్ననే బాబీ నైట్ బిగ్ టెన్ విజయాల రికార్డును అందుకున్నాడు, నిన్న దాటాల్సింది. దాటనీయకుండా ఆపింది నైట్ దగ్గర ఆడిన వుడ్సన్. ఎటూ పోతున్నాననుకున్నాక స్వేచ్ఛగా ఆడించాడేమో.

హూజియర్_హరి | 12 ఫిబ్రవరి 2025

ఇదే చిరాకు. ఇదే జట్టు, ఇవే కాళ్లు చేతులు. జనవరిలో ఎక్కడికి పోయింది ఈ ఆట?

పద్మ_ఫిషర్స్ | 23 ఫిబ్రవరి 2025

పర్డ్యూ మీద 73-58. గొంతు పోయింది. రెండో సగంలో ఆ విలియం టెల్ పాట మొదలై జెండాలు పట్టుకుని పిల్లలు కోర్టు చుట్టూ పరిగెడుతుంటే బాల్కనీ సిమెంటు అదురుతోంది. చారల ప్యాంట్ల పిల్లలు, చొక్కా వెనక పేర్లుండవు, ఒట్టి అంకెలే. ఈ హాలు ఇలా మోగుతుంటే ఏ కుర్రాడు రానంటాడు? భాస్కర్ ఎక్కడ?

బాయిలర్_భాస్కర్ | 23 ఫిబ్రవరి 2025

పనిలో బిజీ.

కొత్త_విద్యార్థి | 5 మార్చి 2025

ఇంతకీ బ్రాడ్ స్టీవెన్స్ ఎవరన్నా? మా ల్యాబ్‌లో అందరూ ఆయనే వస్తాడంటున్నారు.

జోన్_డిఫెన్స్ | 5 మార్చి 2025

రాడు. ఇక్కడి జయన్స్‌విల్ మనిషి. బట్లర్ అనే చిన్న స్కూల్‌ను 2010, 2011ల్లో వరుసగా ఫైనల్‌కి తీసుకెళ్లాడు. ఇప్పుడు బోస్టన్ సెల్టిక్స్ మొత్తం ఆయన చేతిలో ఉంది. బ్లూమింగ్టన్‌లో ఉద్యోగం ఖాళీ అయినప్పుడల్లా ఆయన విమానం ఎక్కాడని పుకారు పుడుతుంది. మిల్లర్ పోయినప్పుడూ ఇదే. చదువుకోవయ్యా.

బ్లూమింగ్టన్_బాబాయి | 13 మార్చి 2025

ఇండియానాపోలిస్‌లోనే, మన గుమ్మంలోనే, బిగ్ టెన్ టోర్నమెంట్‌లో ఆరెగన్ చేతిలో 72-59. 19-13. ఒక్క గెలుపు ఉంటే సరిపోయేది.

హూజియర్_హరి | 16 మార్చి 2025

ఎన్‌సీఏఏ బ్రాకెట్ (ఆడే జట్ల పట్టిక) వచ్చింది. మన పేరు లేదు. ఆఖరి నిమిషంలో బయట మిగిలిన నాలుగు జట్లు: వెస్ట్ వర్జీనియా, ఇండియానా, ఒహాయో స్టేట్, బోయిసీ స్టేట్. వెస్ట్ వర్జీనియాకైతే అన్యాయమే జరిగిందని దేశమంతా అంటోంది. మనకు జరిగిందని మనం కూడా అనలేకపోతున్నాం.

పద్మ_ఫిషర్స్ | 18 మార్చి 2025

డారియన్ డెవ్రీస్!! ఖాయమట. ఆ వెస్ట్ వర్జీనియా కోచే!

బాయిలర్_భాస్కర్ | 18 మార్చి 2025

టోర్నమెంట్‌కి రాని జట్టు, టోర్నమెంట్‌కి రాని ఇంకో జట్టు కోచ్‌ని తెచ్చుకుంది. అభినందనలు.

నిజాంపేట_నుంచి | 19 మార్చి 2025

నాకు నచ్చలేదు. ఐదు బ్యానర్ల ప్రోగ్రామ్ ఇది. పెద్ద జట్టును ఒక్క ఏడాది నడిపిన మనిషిని తెచ్చుకోవడానికా ఫిబ్రవరి నుంచి వెతికింది? నలభై రోజులు ఆగాక కనీసం వినగానే ఒళ్లు జలదరించే పేరు రావొద్దా?

జోన్_డిఫెన్స్ | 19 మార్చి 2025

పేరు కోసం వెతికే కదా ఇక్కడిదాకా వచ్చాం. డ్రేక్ యూనివర్సిటీలో ఆరేళ్లు కోచ్, ప్రతి ఏడూ 20 గెలుపులకు తగ్గలేదు. మూడుసార్లు ఎన్‌సీఏఏ. అంతకుముందు క్రైటన్‌లో గ్రెగ్ మెక్‌డెర్మట్ దగ్గర చాలాకాలం అసిస్టెంట్. అక్కడ నేర్చుకున్నది ఒకటే ఆట: కోర్టు తెరిచిపెట్టు, బంతి తిప్పు, బయటి నుంచి కొట్టు. వెస్ట్ వర్జీనియాలో తన కొడుకు టకర్ ఎనిమిది మ్యాచ్‌లకే గాయంతో కూర్చున్నా 19 గెలిచాడు. ఆ కొడుకు డ్రేక్‌లో రెండుసార్లు మిస్సోరీ వ్యాలీ లీగ్ ఉత్తమ ఆటగాడు, షూటర్. తండ్రి వెంట వస్తాడనే అనుకుంటున్నా.

బ్లూమింగ్టన్_బాబాయి | 19 మార్చి 2025

నాకు ఈ మనిషితో ఒక్కటే పేచీ. ఇండియానా హైస్కూల్ కోచ్‌లతో పరిచయం లేదు. ఆ పరిచయాలు డబ్బుతో రావు. శుక్రవారం రాత్రి మంచులో గంటన్నర కారు నడిపి ఏదో ఊరి జిమ్‌లో కూర్చోవాలి. పెయింటర్ ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాడు. ఈయన పోర్టల్‌తోనే సరిపెట్టుకుంటే ప్రతి మార్చిలో మనకు ఇదే తిరునాళ్ల.

హూజియర్_హరి | 19 మార్చి 2025

బాబాయ్ చెప్పింది ఒప్పుకుంటాను, కానీ అది రెండో పని. మొదటి పని పద్మ గారు చెప్పిన ఆ ఏడుగురిని పెయింట్‌లోంచి బయటికి లాగడం. నవంబర్‌లో నేను స్కోరు చూడను. మన పిల్లలు ఒక మ్యాచ్‌లో మూడు పాయింట్ల షాట్లు ఎన్ని వేశారో చూస్తాను. పాతిక దాటితే ఈయనకు ఆట ఒకటుందని నమ్ముతాను. అప్పుడు వెస్ట్‌ఫీల్డ్ పిల్లాడికి చెప్పడానికి ఒక మాటుంటుంది: "నువ్వు ఇక్కడ నిలబడతావు, బంతి ఇలా వస్తుంది" అని. ఇన్నాళ్లూ మనం వాళ్లకు బ్యానర్లు చూపించాం. వాళ్లు ఎవరూ పుట్టకముందువి అవి.

నిజాంపేట_నుంచి | 19 మార్చి 2025

షాట్లు పాతిక వేసి నాలుగే పడితే?

హూజియర్_హరి | 19 మార్చి 2025

అప్పుడు రిక్రూటింగ్‌ను తిడదాం. 🙏

మోడరేటర్ | 20 మార్చి 2025

పోర్టల్ 24న తెరుచుకుంటోంది. ఎవరు వెళ్తున్నారు, ఎవరు వస్తున్నారు అనే గొడవకు వేరే చర్చ తెరిచాను, దయచేసి అక్కడ రాయండి. ఆటగాళ్ల ఇంటివాళ్ల సోషల్ మీడియాలోకి వెళ్లి తిట్టినట్టు తెలిస్తే అకౌంట్ తీసేస్తాను, ఇందులో మొహమాటం లేదు. డెవ్రీస్ మీద వాదన ఇక్కడే కొనసాగించవచ్చు. భాస్కర్ గారూ, మీకు రోజుకు ఒక్క పోస్టే.